దీపం ఎక్కడ ఆరింది

నమోదు 1. యూనిట్: ఇంకా మొదలవలేదు

ప్రతి యూనిట్‌కీ టీచర్ స్వయంగా దినచర్య రాయాలట. పాఠాలు తామే చెప్పుకుంటాయి, పరీక్షలు తామే పెట్టుకుంటాయి, మార్కులు తామే వేసుకుంటాయి. నాకు మిగిలింది ఈ రాత ఒక్కటే. సరే, రాస్తాను. నాకు నచ్చినట్టే రాస్తాను. ప్రమాణాల ఆఫీసు వాళ్ళు చదివి మొహం ముడుచుకుంటే అది వాళ్ళ ఖర్మ.

చల్లగవికి వచ్చి వారమైంది. మాది ఎర్రగవి, సొరంగం బండిలో పగలంతా ప్రయాణం. పైన ఎండకూ కాలిన గాలికీ మనిషి బతకలేని రోజులు వచ్చాక సీమ జనమంతా ఇలా గవుల్లోకి దిగినవాళ్ళే కాబట్టి, ఊరు మారినా రాతి గోడ మాత్రం మారదు. మారింది మెట్లు. ఇక్కడ నేనుండే గది నుంచి బడికి చాలా మెట్లెక్కాలి. మలుపు మలుపుకూ ఒక రాతి బెంచీ ఉంది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ప్రతి బెంచీ మీదా కాసేపు కూచుని, బాగోగులు అడిగి, లేచి పోతారు. ఎంత మర్యాదస్తుల ఊరు అనుకున్నాను. నాకైతే మర్యాద కోసం కాదు, ఆయాసం కోసమే కూచోవాల్సి వస్తోంది. చెల్లెలి చేతి వంట తిని ఒళ్ళు చేశాను మరి.

మధ్యాహ్నం తిన్నాక ఊరంతా ఓ కునుకు తీస్తుంది. బడిలో పిల్లలు కూడా బల్లల మీద తల వాల్చేస్తారు. దానికి టైంటేబుల్‌లో చోటు కూడా ఉంది, విశ్రాంతి యూనిట్ అని. మా ఎర్రగవిలో ఇలాంటి సుఖాలు లేవు.

బడి మాత్రం దారుణం. నాలుగో తరగతికీ ఏడో తరగతికీ మధ్య గోడ లేదు, దుప్పటి వేలాడుతోంది. రెండింటికీ సైన్స్ టీచర్ని నేనే. ఇటు నిలబడి విత్తనాలు చెబితే అటు గ్రహాల వాళ్ళు నవ్వుతారు. మొదటిరోజే హెడ్మాస్టర్ గదికి పోయి గట్టిగా అడిగాను. తిక్కస్వామి సారు ఇదే బడిలో చదివి, ఇదే బడిలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఎప్పటినుంచో హెడ్మాస్టరుగా ఉన్న మనిషి. చేతులు రెండూ ఎత్తి నన్ను శాంతించమన్నాడు.

"కొత్త గదులు వస్తాండాయి మేడం. మూడో వరస తొట్లు తీసేసి ఆ జాగా మనకే ఇస్తారంట. సైన్స్ ఎగ్జిబిషన్ నాడే తొట్లు ఖాళీ చేసే కార్యక్రమం. అంతవరకు సర్దుకోండి."

తొట్లంటే పాచి తొట్లు. ఈ ఊరికి ఊపిరి అవే. నీళ్ళలో పచ్చటి పాచి పెంచి లైట్ల వెలుతురు చూపిస్తే, మనం వదిలిన గాలి తిని మంచి గాలి ఇస్తుంది. ఇక్కడ ముందు నాలుగు వరసలుండేవట. ఒక వరస తీసేసి ఇళ్ళు కట్టారు, ఇంకో వరస తీసేసి ఫంక్షన్ హాలు కట్టారు. గాలి ఇంకా మిగులే ఉందని మీటరు చెబుతోందట, అందుకని ఇప్పుడు మూడో వరస. నాకు చాలా సంతోషమైంది. ఆ దుప్పటి నేనే నా చేత్తో పీకి పారేయాలని నిర్ణయించుకున్నాను.

నమోదు 2. యూనిట్: నాలుగో తరగతి, దీపమూ గాలీ

యూనిట్ అంటే ఒక పెట్టె, ఒక పలక. పెట్టెలో సామాను ఉంటుంది, పలకలో తియ్యటి గొంతు ఉంటుంది. పెట్టె మూత మీద అన్ని ఊళ్ళలోనూ ఒకటే మాట: ప్రమాణాలకు కట్టుబడి, పరిస్థితులకు సర్దుకుని. వినడానికి కొత్త కోడలికి చెప్పే బుద్ధుల్లా ఉంటుంది.

గవిలో నిప్పు నిషేధం. వంటంతా కరెంటు పొయ్యి మీదే. ఏడాదికి ఒక్కసారి, నాలుగో తరగతి పిల్లలకు చూపించడానికి, ఒక్క ప్రమిద వెలిగించనిస్తారు. అందుకే పిల్లలంతా పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. రజియా అనే అమ్మాయి పాపిట పక్కన తళుకులు అతికించుకొచ్చింది. ఓబులేసు ముందు బల్ల కోసం ఇద్దరిని తోసి నా చేత తిట్లు తిన్నాడు. ఊరి గాలి చూసుకునే సూపర్వైజర్ సుంకన్న ప్రమిద పెట్టె పట్టుకుని వచ్చాడు. దాని తాళం ఆయన నడుముకే ఉంటుంది.

పాఠం చాలా పాతది, నేను చిన్నప్పుడు ఎర్రగవిలో నేర్చుకున్నదే. ఆముదం పోసి వత్తి వెలిగిస్తారు. దాని మీద గాజు జాడీ బోర్లిస్తారు. బోర్లించగానే అందరూ దీపం పాట ఎత్తుకుంటారు. పాట అయ్యేదాకా దీపం వెలగాలి, అయ్యాక ఆరాలి. ఎందుకు ఆరిందో పిల్లలు చెప్పాలి. గడియారంతో పని లేకుండా పాటతోనే కొలత.

సుంకన్న వెలిగించాడు. మంట పుట్టగానే పిల్లలు ఊపిరి బిగబట్టారు. నాక్కూడా ఒళ్ళు పులకరించింది, పెద్దదాన్నని గొప్పలు పోనక్కర్లేదు. జాడీ బోర్లించాను. పాట మొదలైంది.

దీపం దీపం ఎక్కడున్నావ్?
గవిలో గూట్లో కూచున్నా.
గూట్లో కూచుని ఏం చూశావ్?
గోడకు పాకే నీడను చూశా.

దీపం దీపం ఎక్కడికెళ్ళావ్?
మెట్టూ మెట్టూ పైకెక్కా.
మెట్ల పైన ఏం చూశావ్?
మేకల మందా మేతా చూశా.

మంట చిన్నదై, నీలంగా అయి, పోయింది. సన్నటి పొగ జాడీలో తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆపలేదు. కళ్ళు మూసుకుని తన్మయంగా పాడుతున్నానేమో, మూడో చరణంలోకి వెళ్ళిపోయాను.

దీపం దీపం ఎక్కడికెళ్ళావ్?
చింతల తోపుకు చేరుకున్నా.

నా గొంతు ఒక్కటే వినబడుతోందని అప్పుడు తెలిసింది. కళ్ళు తెరిస్తే క్లాసంతా నన్ను వింతగా చూస్తోంది.

"పాట అయిపాయ గదా మేడం," అంది రజియా.

"ఎక్కడ అయిపోయింది? చింతతోపులో చిలక ఉంటుంది, తర్వాత కొండ ఉంటుంది, తర్వాత మబ్బు."

"మేడం సొంతంగా అల్లుతాంది," అన్నాడు ఓబులేసు. క్లాసంతా పగలబడి నవ్వింది. పిల్లల నవ్వు చూసి సుంకన్న కూడా నవ్వాడు. పలక తియ్యటి గొంతుతో, విద్యార్థులందరూ ప్రమాణం అందుకున్నారు, అభినందనలు, అంది.

నాకు ఒళ్ళు మండింది. పాట సగం మింగేసి అభినందనలేమిటి? ఈ ఊరి పాట వేరే కాబోలని సరిపెట్టుకున్నాను.

నమోదు 3. యూనిట్: ఏదీ కాదు

సాయంత్రం రజియా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ జైనబీ ఉగ్గాని పెట్టి, తినేదాకా వదలనంది. నేను వదలమని అడగలేదు కూడా.

"మా, మేడం పాటలోకి చిలకను దెచ్చి పెట్టింది," అని రజియా చాడీలు చెప్పింది.

"ఉండాది కదే చిలక," అంది జైనబీ బొరుగులు కలుపుతూ. అని పాడింది కూడా, నేను క్లాసులో పాడిన చరణమే.

దీపం దీపం ఎక్కడికెళ్ళావ్?
చింతల తోపుకు చేరుకున్నా.
తోపులోన ఏం చూశావ్?
తొర్రలో పచ్చని చిలకను చూశా.

రజియా నోరు తెరిచింది. "నీకెట్ల దెలుసు?"

"ఎట్ల దెలుసంటే, మా సదువప్పుడు చిలక దాంకా ఉండె. ఆ చిలక మాట అంటాంటే దీపం ఆరిపోతాండె. మేమంతా అయ్యో అనేవాళ్ళం."

పక్కింటి సంజమ్మ గడప మీద కూచుని మా మాటలు వింటోంది. ముసలమ్మ, ఊళ్ళో పిల్లలందరికీ జేజి. "చిలక కాడ ఆరేదేందే?" అంది. "మాకు మబ్బు దాంకా ఎలుగుతాండె. మబ్బు అయిపోయినాక గూడా రవ్వంతసేపు ఉండి, నిమ్మళంగా పోతాండె." అని కొండ చరణం, మబ్బు చరణం వణికే గొంతుతో పాడి వినిపించింది.

ఎవరి పాట వాళ్ళదే అని నవ్వుకున్నాం. నేను ఇంకో రెండు మిరపకాయ బజ్జీలు తిని సెలవు తీసుకున్నాను.

మెట్ల మీద రెండో బెంచీ దగ్గర ఆయాసమొచ్చి కూచున్నాను. నా పక్కన ఒక కుర్రాడు కూచున్నాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, చేతిలో బరువేమీ లేదు. వాడికీ ఆయాసమే. ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు దిగుతూ వచ్చి వాళ్ళూ కూచున్నారు. దిగడానికి కూడా.

అప్పుడు తెలిసింది. పాటలు వేరు వేరు కావు. ఒకటే పాట. జేజికి మబ్బు దాకా వెలిగిన దీపం, జైనబీకి చిలక దాకా వెలిగింది. రజియాకు మేకల దాకా వెలిగింది. అదే జాడీ, అదే ప్రమిద, అదే ఆముదం. మారింది జాడీలో ఉన్న గాలి ఒక్కటే.

ఈ బెంచీలు మర్యాద కోసం వేసినవి కావు. ఆ కుర్రాడు నా మొహం చూసి, "ఏం మేడం, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. బాగానే ఉన్నానన్నాను.

నమోదు 4. యూనిట్: దీపమూ గాలీ, మళ్ళీ

పొద్దున్నే పిల్లలు రాకముందు పలకను ముందు పెట్టుకుని కూచున్నాను.

"దీపం పాటలో ఎన్ని చరణాలు?" అని అడిగాను.

"ఈ పాఠశాలకు రెండు," అంది.

"మొదట తయారుచేసినప్పుడు?"

"అయిదు. దీపం పాట కంటే ముందే ఆరినట్లయితే విద్యార్థులు ప్రమాణం అందుకోలేరు. నిరుత్సాహపడతారు. అందుచేత స్థానిక పరిస్థితులకు అనుగుణంగా పాటను సర్దుబాటు చేశాను."

"దీపం ఎందుకు ముందే ఆరుతోందో నీకు అనుమానం రాలేదా?"

"అది ఈ యూనిట్ పరిధిలో లేదు," అంది, ఎంతో మర్యాదగా.

ఏడో తరగతి యూనిట్ తెరిచాను, గుండె చప్పుడు పాఠం. పిల్లలు మెట్లెక్కి వచ్చి గుండె మీద చెయ్యి పెట్టి వినాలి. మొదట్లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఎక్కేవాళ్ళని అడిగాను. కింది గడప నుంచి పైవాకిలి దాకా, ఆగకుండా, అంది. ఇప్పుడో? ఒక బెంచీ నుంచి తర్వాతి బెంచీ దాకా. విశ్రాంతి యూనిట్ ఎప్పుడు వచ్చిందని అడగబోయి మానుకున్నాను. అడగక్కర్లేదు.

ప్రమాణం తప్పడమంటే మా ఊళ్ళో ఒట్టు తప్పడం. పెద్ద తప్పు. ఇక్కడ ఎవరూ తప్పలేదు. ప్రమాణమే ఒక్కో మెట్టు కిందికి దిగి వచ్చి పిల్లల చేతికి అందింది. అందరూ అందుకున్నారు, అందరికీ అభినందనలు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

గాలి ఆఫీసుకు పోయాను. సుంకన్న గోడ మీద పెద్ద లైటు చూపించాడు. "పచ్చగా ఎలుగుతాండాది గదా మేడం. నేను పనిలో చేరినప్పటినుంచి ఒక్కనాడు గూడా ఎర్రగా కాలేదు."

"గాలి బాగుందని దానికెలా తెలుస్తుంది?"

"తెలియకేం? ప్రతి ఆదివారం తన్ను తాను సరిచేసుకుంటాది. ఊర్లో యాడ మంచిగాలి ఉండాదో చూసి, దాన్ని బట్టి మిగతాది కొలుస్తాది."

"ఊళ్ళో ఉన్న గాలంతా పాడైతే?"

"అప్పుడు అందులో మంచిది..." అని ఆగిపోయాడు. ఆగి, కోపం తెచ్చుకున్నాడు. "ఏం మేడం, పాట పట్టుకోనొచ్చి గాలి లేదంటారా? గాలి లేకపోతే మనం ఎట్ల మాట్లాడతాండాము? రెండు వరసలు తీసేసినప్పుడు గూడా పచ్చగానే ఉండె."

"అందుకే భయంగా ఉంది సుంకన్నా," అన్నాను. ఆయన మొహం తిప్పుకుని ఏవో మరలు తుడుచుకున్నాడు.

తిక్కస్వామి సారు అంతా విన్నాడు. మంచి మనిషి, చివరిదాకా విన్నాడు. విని, బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు.

"మేడం, ఇప్పుడు మీరు ఈ మాటంటే తొట్లు తీయరు. తొట్లు తీయకపోతే మనకు గదులు లేవు. ఈ గదుల కోసం నేను ఎంతమంది కాళ్ళ ఎంబడి తిరిగినానో మీకు తెల్దు. పైగా ఎవురు నమ్ముతారు? చిన్నపిల్లోళ్ళ పాట. కొంచెం సర్దుకోండి."

"ఎంతదాకా సర్దుకోవాలి సార్?" అన్నాను. దుప్పటి అవతల నుంచి పిల్లల ఆవలింతలు వినబడుతున్నాయి.

నమోదు 5. యూనిట్: ఎగ్జిబిషన్ ఏర్పాట్లు

ఎగ్జిబిషన్ రేపు. పిల్లలు అట్టముక్కలతో గ్రహాలు చేస్తున్నారు. ఓబులేసు శనిగ్రహం వలయం మీద కూచుని విరగ్గొట్టాడు. నాకు తిట్టే ఓపిక కూడా లేదు. రేపు ఊరి పెద్ద మద్దిలేటి వచ్చి మూడో వరస తొట్ల తూము లాగుతాడు. పాచి నీళ్ళు కాలవలో పోతాయి. మళ్ళీ ఆ పాచి పెరగాలంటే ఏళ్ళు పడుతుంది. నేను ఎవరికి చెప్పినా కొత్తగా వచ్చిన టీచరమ్మకు పడలేదని జాలిపడుతున్నారు.

మధ్యాహ్నం కునుకు వేళ సుంకన్న వచ్చాడు. పిల్లలంతా వాలిపోయి ఉన్నారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చేతిలో ప్రమిద పెట్టె ఉంది.

"నిన్న తొట్ల కాడికి పోయి ఎలిగించి చూస్తి మేడం. పాచికి దగ్గరగా. పాట నేనే పాడితి." సిగ్గుపడ్డాడు. "మేకలు దాటిపాయె. చింతతోపు గూడా దాటె. చిలక కాడ ఆరె. మళ్ళా ఫంక్షన్ హాల్లో ఎలిగిస్తి. అక్కడ మేకలు గూడా దాటలె."

నా అనుమానం తప్పని ఎవరైనా అంటారని లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. ఆ ఆశ కూడా పోయింది.

"పోయిన నెల మా చిన్నకోడలు కాన్పు ఆ ఫంక్షన్ హాలు పక్క ఇంట్లోనే," అన్నాడు ఆయన నెమ్మదిగా. "పాప బరువు తక్కువంటే, నర్సమ్మ పలక చూసి ఈ ఊరికి ఇది మామూలే అనె. ఆ మాట నాకు నిన్న రాత్రంతా నిద్ర పట్టనీలే." పెట్టె నా బల్ల మీద పెట్టి, నడుముకున్న తాళం చెవి తీసి దాని మీద పెట్టాడు. "రేపు ఎలిగించుకోండి. అనుమతి నేను రాసిస్తా."

నమోదు 6. యూనిట్: ఎగ్జిబిషన్

గ్రహాలు, విత్తనాలు, అయస్కాంతాలు అయ్యాయి. ఊరంతా తొట్ల దగ్గర చేరింది. మద్దిలేటి చొక్కాకు పువ్వు పెట్టుకుని తూము దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్ళి, మా పిల్లల పాట ఒక్కటి మిగిలింది, అది అయ్యాక లాగండి అన్నాను. పిల్లల పాటంటే ఎవరు కాదంటారు.

అందరినీ ఫంక్షన్ హాల్లోకి రమ్మన్నాను. బల్ల అక్కడే పెట్టించాను, తొట్లకు దూరంగా, అందరూ రోజూ పీల్చే గాలిలో. ప్రమిద చూడగానే జనంలో కలకలం. ఏడాదికోసారి పిల్లలు చూసే మంటను పెద్దవాళ్ళు చూసి చాలా కాలమైంది. నేను చెప్పింది ఒక్కటే మాట: "ఇది మీరందరూ చదువుకున్న పాఠమే. జాడీ బోర్లించగానే అందరం పాడదాం. ఎవరికి ఎంతవరకు వస్తే అంతవరకు."

సుంకన్న వెలిగించాడు. రజియా జాడీ బోర్లించింది. ఊరంతా ఎత్తుకుంది. గవి గోడలు మారుమోగాయి. గూట్లో కూచున్న దీపం, గోడకు పాకే నీడ. జనం నవ్వుతూ పాడుతున్నారు, పక్కవాళ్ళను మోచేత్తో పొడుస్తూ. మెట్టూ మెట్టూ పైకెక్కా. మేకల మందా అన్న మాట దగ్గర మంట నీలంగా మారింది. మేతా అనేలోపే ఆరిపోయింది.

పిల్లలు పాట చాలించారు. పాట వాళ్ళకు అయిపోయింది. కాని అమ్మలూ నాన్నలూ ఆపలేదు, అలవాటు కొద్దీ ముందుకే పోయారు. చింతల తోపుకు చేరుకున్నా. పిల్లలు తలెత్తి అమ్మల మొహాల్లోకి చూశారు. తొర్రలో పచ్చని చిలకను చూశా. అక్కడ ఆ గొంతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. జైనబీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ముసలివాళ్ళు మాత్రం పాడుతున్నారు. గొంతులు తక్కువ, పలుచన.

దీపం దీపం ఎక్కడికెళ్ళావ్?
కొండ కొమ్మున నిలుచున్నా.
కొండ మీద ఏం చూశావ్?
కురిసే కురిసే వానను చూశా.

ఆరిపోయిన దీపం ముందు, పొగ నిండిన జాడీ ముందు, ఆ పాట సాగుతూనే ఉంది. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. మబ్బు చరణం వచ్చేసరికి మిగిలినవి రెండే గొంతులు. ఒకటి సంజమ్మది. రెండోది ఎవరిదా అని తిరిగి చూస్తే తిక్కస్వామి సారుది. కళ్ళు జాడీ మీదే ఉన్నాయి, పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.

దీపం దీపం ఎక్కడికెళ్ళావ్?
మబ్బుల మాటున దాక్కున్నా.
మబ్బుల మాటున ఏం చూశావ్?
మన ఊరంతా హాయిగా చూశా.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరంతా ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు వినబడింది. అంతమంది అలా రొప్పుతారని అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఈ పాట నేనే నేర్పిస్తి," అన్నాడు తిక్కస్వామి సారు ఎవరితోనో కాదు, జాడీతో. "అయిదు చరణాలూ నేనే నేర్పిస్తి. ఎప్పుడు తగ్గిపాయె? నేను ఆఫీసు గదిలో కూచున్నాక తగ్గిపాయె." ఆయన దగ్గర్లోని బెంచీ మీద కూచుని, అది బెంచీ అని తెలిసి, చటుక్కున లేచి నిలబడ్డాడు.

మద్దిలేటి మొహంలో నెత్తురు లేదు. తూము లాగడానికి తెచ్చిన గొలుసు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పాము అన్నట్టు వదిలేశాడు. "గోడ మీద లైటు పచ్చగా ఉండె గదా సుంకన్నా," అన్నాడు.

"ఎప్పుడూ పచ్చగానే ఉంటాదిలేప్పా," అన్నాడు సుంకన్న. "మనం పోయినాక గూడా."

పలక మోగింది. ప్రదర్శనలో ఎక్కువ చరణాలు పాడారు, దీపం ముందే ఆరింది, కాబట్టి ఈసారి ఎవరూ ప్రమాణం అందుకోలేదట. సర్దుబాటు చేయమంటారా అని అడుగుతోంది, అదే తియ్యటి గొంతు. రజియా నా కొంగు పట్టుకుని లాగింది.

"మేడం, అంటే మేము ఫెయిలా?"

"అవును," అన్నాను. "ఊరంతా ఫెయిల్. బాగా చదువుకుని మళ్ళీ రాద్దాం." పలకకు వద్దని చెప్పాను. దానికి ఆ మాట కొత్త, మళ్ళీ మళ్ళీ అడిగింది. మళ్ళీ మళ్ళీ వద్దని చెప్పాను.

నమోదు 7. యూనిట్: దీపమూ గాలీ, అయిదు చరణాలు

ఫంక్షన్ హాలు పోయింది. అక్కడ తొట్లు కట్టి, మూడో వరస నుంచి కొంత పాచి తెచ్చి వదిలారు. ఇళ్ళున్న వరసలోనూ తొట్లు కట్టాలని అక్కడి వాళ్ళు చుట్టాల గదుల్లోకి సర్దుకుంటున్నారు, ఈ సర్దుబాటుకు మాత్రం నాకు అభ్యంతరం లేదు. పెళ్ళిళ్ళు బడిలోనే జరుగుతున్నాయి. నాకు కొత్త గదులు రాకపోగా, ఉన్న గదిలో మంగళవాయిద్యాల మధ్య అయస్కాంతాలు చెప్పాల్సి వస్తోంది. దుప్పటి అలాగే ఉంది. తిక్కస్వామి సారు మెట్లన్నీ తిరిగి ప్రతి బెంచీ మీదా సుద్దముక్కతో 'దీపం మబ్బు చేరేవరకు' అని రాసి వచ్చాడు.

నిప్పు అనుమతి ఇప్పుడు నెలకోసారి. ఇవాళ మళ్ళీ వెలిగించాం. పిల్లలు అయిదు చరణాలూ నేర్చుకున్నారు. పాడుతూ అందరి కళ్ళూ మంట మీదే. మేకల మందా. మేతా చూశా. ఇంకా వెలుగుతోంది. దీపం దీపం, అన్నారు మూడో చరణంలో, గొంతులు వణుకుతూ. రెండో దీపం మాట దగ్గర ఆరింది.

మొదటిసారి ఈ గదిలో ఆరిన చోటు నుంచి రెండు మాటలు ముందుకు జరిగింది. ఓబులేసు బల్లెక్కి గంతులేశాడు. రజియా నన్ను కావలించుకుంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ సందడిలోనే ఫోన్ మోగింది. నా చెల్లెలి కూతురు సింధూర, ఎర్రగవి నుంచి. వాళ్ళ నాలుగో తరగతి కబుర్లు మా పిల్లలు కూడా వింటారని స్పీకర్‌లో పెట్టాను.

"పెద్దమ్మా, ఇయ్యాల మాకు దీపం పాఠం అయ్యింది. నాకు పాట మొత్తం వచ్చు. పాడనా?"

పాడమన్నాను. గొంతు మా చెల్లెలిదే, గలగలా పాడింది. గవి, మెట్లు, చింతతోపు.

"తొర్రలో పచ్చని చిలకను చూశా," అని ఆగింది. "అంతే. బాగా పాడినానా పెద్దమ్మా?"

నేను చిన్నప్పుడు ఆ బడిలోనే, ఆ జాడీ ముందే, మబ్బు దాకా పాడాను. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎర్రగవి గురించి అడగాలని నాకు తోచలేదు. మా ఊరే కదా, మా ఊళ్ళో అంతా బాగానే ఉంటుంది కదా. ఫోన్ నా చేతిలో బరువెక్కింది.

క్లాసులో గంతులు ఆగిపోయాయి. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. రజియా నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సింధూరా, నేను రజియాని, చల్లగవి నుంచి. మీ ఊర్లో దీపం యాడ ఆరింది?"

"చిలక దగ్గర," అంది సింధూర. "పాట అక్కడికి అయిపోతుంది కదా. ఎందుకు?"

"అయిపోలేదు. ఇంకా ఉంది." రజియా పిల్లల వైపు చూసి చెయ్యెత్తింది. అందరూ లేచి ఫోన్ చుట్టూ చేరారు. "మీ అమ్మను పిలువు. మీ సారును గూడా పిలువు. మేము పాడతాము, మీరంతా వినాల."

అవతల సింధూర అమ్మా అమ్మా అని పిలుస్తూ పరుగెత్తింది. కొంచెం దూరం పోయాక అడుగుల చప్పుడు ఆగింది. అది ఊపిరి కోసం నిలబడిందని ఈ గదిలో అందరికీ తెలుసు.